వెలిసిన రంగుల వెచ్చదనం

పాత ఇంటికి పాత రంగే వేయించాలనుకోవడం తేలిక. ఆ రంగు డబ్బాలో దొరకడమే కష్టం. గోడ, వెలుతురు, గడిచిన ఏళ్లు కలిసి తయారుచేసిన రంగు అది

ఏళ్ల తరబడి కదలని బీరువాను నలుగురూ పట్టి పక్కకు జరిపారు. దాని వెనక గోడ మీద నిలువెత్తు రంగు ముక్క ఒకటి బయటపడింది. గది నాలుగు వైపులా పాలిపోయిన గంధం రంగులో ఉంటే ఆ ముక్క మాత్రం మగ్గిన మామిడిపండులా నిగనిగలాడుతోంది. "అసలు రంగు ఇదన్నమాట" అన్నాడు రంగుల మేస్త్రి, దీనికి సరిపోయేలా కొత్త డబ్బా కలిపిస్తే పని అయిపోయినట్లేనన్న ధీమాతో. "ఇదా? మా ఇంటి రంగు ఇది కానే కాదు" అంది ఆ ఇంటి పెద్దావిడ. పాతికేళ్ల కిందట ఆ రంగును దగ్గరుండి వేయించింది ఆవిడే.

రంగులు వేయించడానికి సామాన్లు జరిపే పాత ఇళ్లన్నిటిలోనూ ఏదో ఒక రూపంలో ఈ దృశ్యం ఎదురవుతుంది. బీరువా కాకపోతే క్యాలెండర్, అదీ కాకపోతే పెళ్లినాటి గ్రూప్ ఫోటో. మేస్త్రి, పెద్దావిడ ఇద్దరూ చెప్పింది నిజమే. మేస్త్రి చూపించింది గోడకు వేసిన రంగు. పెద్దావిడకు గుర్తున్నది గోడ మీద మిగిలిన రంగు. కిటికీలోంచి పడే ఎండ, దేవుడి గూటి దీపం పొగ, వంటింటి ఆవిరి, పిల్లల చేతులు, గోడకు ఆనుకుని కూర్చున్న తలల నూనె అన్నీ కలిసి నెమ్మదిగా పలచన చేసిన రంగు అది. ఏ కంపెనీ కార్డులోనూ దానికి నంబరు ఉండదు.

ఇల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చేయకుండా, పడగొట్టకుండా, ఉన్నదాన్నే బాగు చేయించుకుని ఉందామనుకునే కుటుంబాలకు ఇది చిన్న చిక్కు కాదు. తప్పు రంగు పడితే ఇల్లు కొత్తగా కనిపిస్తుంది గానీ తమదిగా కనిపించదు. మార్కెట్ గాలి కూడా ఇప్పుడు పాత రంగుల వైపే వీస్తోంది. 2010 దశకంలో నగరాల అపార్ట్‌మెంట్లను బూడిద రంగులు ఏలాయి. ఆ తర్వాత మట్టి రంగులకు మళ్లీ రోజులొచ్చాయి. ఏటా ఒక రంగును ప్రకటించే అమెరికా సంస్థ పాంటోన్ 2024కు పీచ్ పండు ఛాయను, 2025కు కాఫీ కలిసిన చాక్లెట్ ఛాయను ఎంపిక చేసింది. ఇటుక, తేనె, గంధం, బెల్లం పేర్లతో పెయింట్ షాపుల్లో ఇప్పుడు జ్ఞాపకాలే అమ్మకానికి ఉన్నాయి. కొన్న జ్ఞాపకం మన గోడకు అతుకుతుందా అన్నదే ప్రశ్న.

సున్నం నాటి సంగతి

పాత ఇళ్ల వెచ్చదనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే పెయింట్ డబ్బాలు రాకముందు గోడల మీద ఏముండేదో చూడాలి. దేశంలో చాలాచోట్ల ఉన్నది సున్నమే. పండక్కో, ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడో కాల్చిన సున్నపురాళ్లను నీళ్లలో వేస్తే కుతకుతా ఉడికేవి. చల్లారాక గుడ్డలో వడకట్టి, గోడకు పట్టుకునేందుకు బంక కలిపి, నార కుంచెతో రెండు మూడు పూతలు వేసేవారు. తెలుపు కొట్టొచ్చినట్లు కనిపించడానికి చిటికెడు నీలిమందు కలిపేవారు. తెలుపు వద్దనుకుంటే మట్టి రంగులు ఉండనే ఉన్నాయి. ఎర్రటి జాజు, కావి, పసుపుపచ్చ మట్టి. వీటన్నిటికీ మూలం ఇనుము ఆక్సైడ్లే. అజంతా గుహల్లోని బొమ్మల్లో కనిపించే ఎరుపు, పసుపుపచ్చ కూడా ఈ కుటుంబానివే. ఎండకు అంత తేలిగ్గా లొంగవు కాబట్టే శతాబ్దాలు నిలిచాయి.

సున్నానికి మరో గుణం ఉంది. అది గోడ మీద ఆరిపోయి ఊరుకోదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని తిరిగి సున్నపురాయిగా మారుతుంది. గోడ మీద కంటికి కనిపించనంత సన్నటి స్ఫటికాల పొర ఏర్పడుతుంది. వెలుతురు దాని మీద పడి అద్దం మీద పడ్డట్లు తిరిగి కొట్టదు. నలుదిక్కులా చెదిరి మెత్తబడుతుంది. తాతల నాటి ఇంట్లో మధ్యాహ్నం పూట గది లోపల్నుంచే వెలుగుతున్నట్లు అనిపించడానికి కారణం ఇదే. ఒక పూత మీద మరో పూతగా ఏటేటా వేసిన సున్నం గోడ అంచులను గుండ్రంగా మార్చేది. ఆ గోడల్లో ఎక్కడా కత్తితో కోసినట్లున్న మూల కనిపించదు.

సున్నం తర్వాత డిస్టెంపర్ వచ్చింది. బయటి గోడలకు సిమెంట్ పెయింట్ వచ్చింది. గోడకు ఆనుకుంటే వీపుకు అంటుకునే లేత నీలం, లేత గులాబీ, ఏలకుల పచ్చ డిస్టెంపర్లు, ఆకుపచ్చ ఎనామిల్ పూసిన తలుపులు, కిటికీ ఊచలు... ఇవాళ నలభై, యాభై ఏళ్ల వయసున్న మధ్యతరగతి వారి బాల్యం రంగులు ఎక్కువగా ఇవే. వీటిని ఎవరూ సౌందర్య దృష్టితో ఎంచుకోలేదు. దొరికినవి నాలుగైదు రంగులు, అందులో మురికి తక్కువ కనిపించేది ఒకటి. ఇప్పుడు ఎంతో అపురూపంగా తలచుకునే రంగుల వెనక ఉన్నది చాలాసార్లు ఎంపిక కాదు, సర్దుబాటు.

ఊరికో రంగు, రంగుకో కథ

కుటుంబాల జ్ఞాపకం సంగతి ఇలా ఉంటే ఊళ్ల జ్ఞాపకం కూడా దీనికి భిన్నం కాదు. 1727లో పుట్టిన జైపూర్ పుట్టుకతోనే గులాబీ నగరం కాదు. 1876లో వేల్స్ యువరాజు వస్తున్నాడని మహారాజా రెండో రామ్‌సింగ్ నగరానికి ఒకే రంగు వేయించాడు. గులాబీ అని పేరే గానీ నిజానికి అది ఇటుక పొడికి దగ్గరి జేగురు రంగు. అతిథి కోసం వేసిన రంగు నగరానికి పేరైంది, 2019లో పాత నగరం యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. జోధ్‌పూర్‌లో సున్నంలో నీలం కలిపి గోడలకు పూశారు. చల్లదనం కోసమని కొందరు, చెదలు పట్టకుండా అని కొందరు, కులానికి గుర్తుగా అని మరికొందరు చెబుతారు. కారణం ఏదైనా పాత ఊరి నీలం మాత్రం అందరిదీ అయింది.

పణజిలోని ఫౌంటైన్యాస్ వీధుల్లో పసుపు, నీలం, ఎరుపు గోడలు, వాటికి తెల్లటి అంచులు కనిపిస్తాయి. పుదుచ్చేరి ఫ్రెంచి వీధుల్లో తేనె రంగు గోడల మీద తెల్లటి పట్టీలు కనిపిస్తాయి. చెట్టినాడు ఇళ్లది మరో తీరు. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి చలువరాయిలా మెరిసేదాకా రుద్దిన గోడలవి. నేపాల్ కొండ గ్రామాల్లో ఇంటి కింది సగానికి ఎర్రమట్టి, పై సగానికి తెల్లమట్టి పూస్తారు. వానకు చిందే బురద ఎర్రమట్టిలో కలిసిపోతుంది. తెలంగాణ పల్లెల్లో జాజు అలికిన అరుగు మీద తెల్లటి సున్నం గీతలు దిద్దడంలోనూ ఇదే పొదుపు, ఇదే తెలివి. కాలి ధూళి తగిలేచోట ముదురు రంగు, కన్ను పడేచోట తెలుపు.

అన్ని రంగులూ ఇలా నేలలోంచి పుట్టినవి కావు. కోల్‌కతా వంతెనలకు, రెయిలింగులకు, ప్రభుత్వ భవనాలకు 2010 దశకంలో నీలం, తెలుపు వేయించారు. ఆ రంగులు వేసుకున్న ఇళ్లకు ఆస్తిపన్ను మినహాయింపు ఇస్తామని 2014లో నగరపాలక సంస్థ ముందుకొచ్చింది. జేగురు రంగు గోడలు, ఆకుపచ్చ కిటికీ రెక్కల పాత నగరాన్ని ప్రేమించేవారు ముఖం చిట్లించారు. అయితే జైపూర్ అనుభవం గుర్తుంటే ఒక మాట ఒప్పుకోక తప్పదు. ఆ నీలంలో పెరిగిన పిల్లలకు మరో ముప్పై ఏళ్ల తర్వాత సొంత ఊరి రంగు అదే అవుతుంది. ఏ రంగూ వేసిన రోజున పాత జ్ఞాపకం కాదు. దాని కింద బతికిన ఏళ్లే దాన్ని అలా చేస్తాయి.

నాలుగు రంగుల నుంచి వేల రంగులకు

ఈ సంగతి పెయింట్ కంపెనీలకు అందరికంటే ముందే తెలిసింది. హౌరాలో 1902లో షాలిమార్‌తో దేశంలో పెయింట్ పరిశ్రమకు అడుగు పడింది. 1942లో ముంబైలో నలుగురు మిత్రులు మొదలుపెట్టిన ఏషియన్ పెయింట్స్ తర్వాత దేశంలోకెల్లా పెద్దదైంది. చేతిలో కుంచె, నుదుటి మీద పడే జుట్టుతో 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గట్టూ బొమ్మ దశాబ్దాలపాటు ఆ కంపెనీ డబ్బాల మీద నవ్వింది. అప్పట్లో అమ్మింది డబ్బాను. 2000 దశకం మొదట్లో పీయూష్ పాండే బృందం ప్రతి ఇల్లూ ఏదో చెబుతుందన్న అర్థం వచ్చే హిందీ ప్రకటనతో వచ్చాక పరిశ్రమ అమ్మకం తీరే మారిపోయింది. గోడ గురించి కాక గోడల మధ్య మనుషుల గురించి మాట్లాడటం మొదలైంది.

అదే కాలంలో షాపుల్లోకి రంగులు కలిపే యంత్రాలు వచ్చాయి. ఒకప్పుడు కంపెనీ పంపిన పది పదిహేను డబ్బాల్లోంచి ఎంచుకునేవారి ముందు వేల రంగుల పుస్తకం వచ్చి పడింది. స్వేచ్ఛ పెరిగింది, దాంతోపాటు తడబాటూ పెరిగింది. వేలెడు ముక్క చూసి నాలుగు గోడల గురించి నిర్ణయించాలి. కార్డు మీద లేతగా, ముద్దుగా కనిపించిన పసుపు హాలంతా పరుచుకోగానే కళ్లలో పొడిచినట్లు ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు. ఎదురెదురు గోడలు ఒకదాని రంగును మరొకదాని మీదకు విసురుకుంటాయి. అలా విసురుకున్నకొద్దీ రంగు చిక్కబడుతుంది.

పాత రంగు ముక్కను పట్టుకెళితే చదివి, దానికి దగ్గరి ఫార్ములా ఇచ్చే పరికరాలూ పెద్ద షాపుల్లో ఉన్నాయి. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. బీరువా వెనకనుంచి గీకి తెచ్చిన పెచ్చును యంత్రానికి చూపిస్తే అది పాతికేళ్ల నాటి తొలిరోజు రంగును ఇస్తుంది. ఇంట్లోవాళ్లు కోరుకుంటున్నది ఆ రోజును కాదు, ఆ తర్వాత గడిచిన పాతికేళ్లను. అందుకే పెచ్చును బీరువా వెనకనుంచి కాక, అందరి కళ్ల ముందున్న గోడ నుంచి తీయాలి. లేదా ఇచ్చిన ఫార్ములాలోనే రంగు పాళ్లు సగానికి తగ్గించి కలపమని అడగాలి. అడిగేవారు తక్కువ గానీ, ఇది షాపువాళ్లకు కష్టమైన పనేమీ కాదు.

బల్బు చేసిన మాయ

రంగు సరిగ్గా కలిసినా ఇల్లు పాతగా అనిపించకపోవచ్చు. కారణం గోడ మీద కాక సీలింగుకు వేలాడుతూ ఉంటుంది. చిన్నప్పటి గదిలో వెలిగింది అరవై వాట్ల ఫిలమెంట్ బల్బు. దాని వెలుతురు పసుపుకు మొగ్గిన తేనె రంగు. సాంకేతికంగా చెప్పాలంటే సుమారు 2,700 కెల్విన్. తర్వాత వచ్చిన ట్యూబ్‌లైట్లు, ఇప్పటి తెల్లటి ఎల్ఈడీలు చాలావరకు 6,500 కెల్విన్ దగ్గర ఉంటాయి. అది మబ్బు పట్టిన పగటి వెలుతురుకు దగ్గరి నీలి తెలుపు. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. కరెంటు బిల్లులు తగ్గాయి. దాంతోపాటే దేశంలోని కోట్ల గోడల రంగు, ఎవరూ కుంచె పట్టకుండానే మారిపోయింది.

గంధం రంగు గోడ తెల్లటి ఎల్ఈడీ కింద పాలిపోయి, కొంచెం ఆకుపచ్చగా కనిపిస్తుంది. అదే గోడ 2,700-3,000 కెల్విన్ బల్బు కింద వెచ్చబడుతుంది. కాబట్టి వెచ్చని రంగు కోసం వేలు ఖర్చుపెట్టే ముందు వంద రూపాయల చిల్లరతో బల్బు మార్చి చూడటం మంచిది. కొన్ని ఇళ్లలో అసలు పెయింటే అక్కర్లేదని తేలినా ఆశ్చర్యం లేదు.

నేలది మరో పాత్ర. కేరళ నుంచి కోస్తా దాకా పాత ఇళ్లలో ఎర్రటి రెడ్ ఆక్సైడ్ గచ్చు ఉండేది. కిటికీలోంచి పడిన ఎండ ఆ నేలను తాకి గోడ మీదకు ఎగబాకితే తెల్లటి సున్నం కూడా లేత గులాబీగా కనిపించేది. ఆ గచ్చు మీద తెల్లటి విట్రిఫైడ్ టైల్స్ పరిచాక, గోడకు పాత రంగే వేసినా ఎక్కడో వెలితి తోస్తుంది. పోయింది గోడ రంగు కాదు, నేల ఇచ్చిన అరువు రంగు. తాండూరు బండలు, షాబాదు బండలు, బేతంచెర్ల రాళ్లు ఇంకా మిగిలి ఉన్న ఇళ్లవారు అదృష్టవంతులే. ఆ రాళ్లలోని బూడిద, పసుపు, లేత ఆకుపచ్చ ఛాయలే గోడకు ఏం వేయాలో చెబుతాయి.

కదలని వాటితో మొదలుపెట్టాలి

అంటే రంగు ఎంపిక కార్డుతో కాదు, ఇంట్లో మారని వాటితో మొదలుపెట్టాలి. నేల, టేకు తలుపులు, దూలాలు, దేవుడి గూడు, తాతగారి పడక్కుర్చీ. వీటి మధ్య ఇమిడే రంగే ఆ ఇంటి రంగు. టేకుకు, నాపరాయికి గంధం, వెన్న, లేత ఇటుక, ఎండుగడ్డి ఛాయలు నప్పుతాయి. రెడ్ ఆక్సైడ్ నేల ఉంటే గోడకు పచ్చి తెలుపు కంటే మీగడ తెలుపు మేలు. ముదురు రంగు మీద మోజు ఉంటే నాలుగు గోడలకూ పులమకుండా నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు పట్టీగా వేయించవచ్చు. పాత స్కూళ్లు, రైల్వే క్వార్టర్లు, కోర్టు వరండాలు చూసిన కళ్లకు అది పరిచయమైన ముఖమే. పిల్లల చేతి మరకలూ, కుర్చీల గీతలూ అందులో కలిసిపోతాయి.

దిక్కులనూ లెక్కలోకి తీసుకోవాలి. పడమటి ఎండ పడే గదిలో సాయంత్రం పూట లేత పసుపు కూడా నిప్పులా రగులుతుంది. అక్కడ కొంచెం బూడిద కలిసిన ఛాయలు చల్లగా ఉంటాయి. ఎండ సూటిగా పడని ఉత్తరపు గదికి తేనె, పీచ్ ఛాయలు ప్రాణం పోస్తాయి. కిటికీ బయట గుబురుగా వేపచెట్టో, మామిడిచెట్టో ఉంటే లోపలి గోడకు అది ఆకుపచ్చ పూస్తుంది. చెట్టు ఉన్న గది, లేని గది ఒకే డబ్బాతో ఒకేలా కనిపించవు.

నమూనా పూతను నేరుగా పాత రంగు పక్కనే వేసి చూడటం మరో పొరపాటు. పక్క రంగు కంటిని మోసం చేస్తుంది. రెండడుగుల అట్టకు తెల్లటి ప్రైమర్ వేసి, చుట్టూ కాస్త తెల్లటి అంచు వదిలి, మధ్యలో రెండు పూతల రంగు వేయించాలి. ఆ అట్టను ఒకరోజు తూర్పు గోడకు, మరుసటి రోజు పడమటి గోడకు ఆనించాలి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి లైటు కింద చూడాలి. రెండు రోజుల తర్వాత కూడా దాని మీదకు చూపు పదే పదే పోతోందంటే అది తప్పు రంగు. గుర్తుకు రాకుండా ఉండిపోయిందంటే అది ఇంట్లో కలిసిపోయినట్లే.

మెరుపు విషయంలోనూ తొందర పనికిరాదు. కడిగితే పోయే మరకల కోసం చాలామంది మెరిసే ఇమల్షన్‌కు మొగ్గుతారు. చేత్తో రుద్దిన పాత గోడల ఎగుడుదిగుళ్లన్నీ ఆ మెరుపులో బయటపడతాయి. వాటిని దాచడానికి మందంగా పుట్టీ పెట్టిస్తే గోడ అట్టపెట్టెలా తయారవుతుంది. సున్నం నాటి మెత్తదనం కావాలంటే మెరుపులేని మ్యాట్ పూతే దగ్గరి చుట్టం. వంటింటికి, పిల్లల గదికి మాత్రం కడగడానికి వీలైనది వేసుకోవచ్చు.

పాత పొరల్లో ప్రమాదం

జ్ఞాపకాల మీద మమకారంతో మరచిపోకూడని విషయాలు రెండున్నాయి. మొదటిది గోడ ఆరోగ్యం. గానుగ సున్నంతో కట్టిన పాత గోడలు చెమ్మను పీల్చుకుంటాయి, వదులుతాయి. వాటి మీద ప్లాస్టిక్ స్వభావమున్న పెయింట్ వేస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. ఒకటి రెండు వానాకాలాలకే రంగు బొబ్బలెక్కుతుంది, పెచ్చులూడుతుంది, తెల్లటి ఉప్పు పైకి తేలుతుంది. జనం పెయింటును తిట్టుకుని మరో పూత వేయిస్తారు. జబ్బు ముదురుతుంది. అలాంటి గోడకు సున్నమే మందు. మట్టి రంగు కలిపిన సున్నం వేయగలిగిన పనివాళ్లు తగ్గిపోయారు గానీ అంతరించిపోలేదు. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణను ఆగాఖాన్ ట్రస్ట్ సంప్రదాయ సున్నపు పనితోనే చేయించింది. 2024లో ఆ ప్రాంగణం హెరిటేజ్ పార్కుగా ప్రారంభమైంది. సమాధులకు దొరికిన పనివాడు ఇళ్లకు దొరకడం లేదంటే, అడిగేవాళ్లు లేకపోవడమూ ఒక కారణమే.

రెండోది మనుషుల ఆరోగ్యం. పాత తలుపులు, కిటికీల మీది ఎనామిల్ పొరల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. నిగనిగలాడే పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల కోసం సీసపు సమ్మేళనాలు ధారాళంగా వాడిన కాలం అది. ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదంటూ 2016లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. 2017 నవంబర్ నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన పొరలు మాత్రం ఇంకా మన తలుపుల మీదే ఉన్నాయి. సీసం ఒంట్లో చేరితే చిన్నపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో ఆందోళన కలిగించే స్థాయిలో సీసం ఉందని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో నివేదిక ఇచ్చాయి. భారత్‌లో ఆ పిల్లలు 27 కోట్లకు పైగానే ఉంటారని అందులో అంచనా. ఇందుకు పాత బ్యాటరీల నుంచి కల్తీ మసాలాల దాకా కారణాలెన్నో ఉన్నా, పెయింటూ ఆ జాబితాలో ఉంది.

అందుకే పాత తలుపుల రంగును పొడిగా ఉప్పుకాగితంతో రుద్దించకూడదు. లేచే దుమ్మే విషం. తడిపి గీకించాలి, పడిన పెచ్చులను తడిగుడ్డతో తుడిచి మూటకట్టి పారేయాలి. ఆ పని జరిగినన్ని రోజులు పసిపిల్లలను, గర్భిణులను ఇంట్లో ఉంచకూడదు. పనివాడికి మాస్కు ఇవ్వడం దయ కాదు, బాధ్యత. పొర గట్టిగా ఉండి ఊడకపోతే దాన్ని కదపకుండా పైనే కొత్త పూత వేయడం ఇంకా మేలు.

ఎవరి కంటికి ఇంపుగా?

ఇన్ని చూసుకున్నా అసలు తగాదా మిగిలే ఉంటుంది. ఇల్లు ఎవరిది? పెయింటుకు డబ్బు పంపేది డల్లాస్‌లోనో, బెంగళూరులోనో ఉన్న కొడుకు. రోజూ ఆ గోడల మధ్య ఉండేది తల్లి. రంగు ఖరారయ్యేది వీడియో కాల్‌లో. వెలుతురును బట్టి ఫోన్ కెమెరా రంగులను తనకు తోచినట్లు సర్దుతుందని, అక్కడి స్క్రీన్ మీద కనిపించిన గంధం ఇక్కడి గోడ మీద పసుపై కూర్చుంటుందని తెలిసేసరికి రెండు పూతలూ పూర్తయిపోతాయి. దూరాన ఉన్నవారికి ఫోటో పంపే బదులు రంగు పేరు, నంబరు పంపితే, వాళ్లున్న చోట ఆ కంపెనీ దొరకకపోయినా కనీసం వాదనకు ఆధారమైనా ఉంటుంది.

ఇంట్లో ఉండేవారి కళ్లకూ వయసుంటుంది. వయసు మీద పడేకొద్దీ కంటి కటకం పసుపుబారుతుంది. నీలి ఛాయల మధ్య తేడాలు తెలియవు, మసక వెలుతురులో అంచులు కనిపించవు. కొడుక్కి ఎంతో నాజూగ్గా తోచిన లేత బూడిద గోడ, దాని పక్కనే అదే ఛాయలో తలుపు, అదే ఛాయలో స్విచ్‌బోర్డు డెబ్భై ఐదేళ్ల తల్లికి ఒకే మసకగా కనిపిస్తాయి. ఆకుపచ్చ తలుపు, తెల్ల గోడ, పసుపు గడప, ఎర్రటి మెట్టు ఉన్న పాత ఇంట్లో రాత్రిపూట లేచినా ఆమెకు దారి తెలిసేది. నాటు రంగులని పక్కనపెట్టిన ఆ తేడాలే పెద్దవాళ్లను పడిపోకుండా కాపాడాయి. పాత ఇంటికి రంగు ఎంచేటప్పుడు జ్ఞాపకం కోసం కాకపోయినా ఇందుకోసమైనా గోడకూ తలుపుకూ, నేలకూ మెట్టుకూ మధ్య తేడా కనిపించేలా చూసుకోవాలి.

కొన్నింటిని అసలు ముట్టుకోకుండా వదిలేయడం కూడా ఎంపికే. గడప పక్కన పిల్లల ఎత్తు కొలిచి పెన్సిలుతో గీసిన గీతలు, వాటి పక్కన తేదీలు, పాలవాడి లెక్కలు రాసిన వంటింటి తలుపు వెనక భాగం, దీపం పొగకు నల్లబడిన గూడు. వీటి మీద ఒక్క పూత పడితే ఏ యంత్రమూ తిరిగి కలిపి ఇవ్వలేదు. మేస్త్రి పని మొదలుపెట్టే ముందే ఆ జాగాల మీద కాగితం అంటించి ఉంచితే సరిపోతుంది.

ఆ పెద్దావిడ ఇంట్లో చివరకు గోడకు పడింది మామిడిపండు రంగు కాదు, అందులో సగం పాళ్ల రంగు. ఆరాక నలుగురూ పట్టి బీరువాను మళ్లీ గోడకు చేర్చారు. దాని వెనక ఇవాళ్టి రంగు ఎండ తగలకుండా, చేతులు పడకుండా భద్రంగా ఉంటుంది. మిగతా గోడ మాత్రం రేపటి నుంచే వెలవడం మొదలుపెడుతుంది. మరో పాతికేళ్లకు ఎవరో ఆ బీరువాను జరిపినప్పుడు, ఆ ముక్కను చూసి "ఇది మా ఇంటి రంగు కానే కాదు" అనే మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉంటే చాలు.